రెడీమేడ్ గేమింగ్ పీసీ: మూడేళ్లు వాడాక

ఈ మెషీన్ కొన్నది 2022 మార్చిలో. అసెంబుల్ చేసుకోవడం రాక కాదు, విడిగా గ్రాఫిక్స్ కార్డు దొరక్క కొన్నాను. అప్పుడు చిప్‌ల కొరత నడుస్తోంది. దానికి తోడు ఈథీరియం అనే క్రిప్టో కరెన్సీ కోసం మైనింగ్ చేసేవాళ్లు, అంటే గ్రాఫిక్స్ కార్డులతో లెక్కలు చేయించి ఆ డబ్బు సంపాదించేవాళ్లు, కార్డుల్ని ఊడ్చుకుపోతున్నారు. ఒక్క కార్డుకి అడుగుతున్న ధరకి ఇంకొంత వేస్తే మొత్తం కంప్యూటరే వచ్చేలా ఉంది. తీరా నేను కొన్న ఆరు నెలలకి, సెప్టెంబర్ 15న, ఈథీరియం మైనింగ్ పద్ధతినే వదిలేసింది. వాడిన కార్డులు మార్కెట్లోకి కుప్పలుగా వచ్చిపడ్డాయి. ఆ వారం నేను కంప్యూటర్ వార్తల జోలికి పోలేదు.

ఇంటెల్ ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్, ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060 కార్డు. ప్రకటనలో పెద్ద అక్షరాల్లో ఉన్నవి ఈ రెండే. ఇవి ఈ రోజుకీ నన్ను ఇబ్బంది పెట్టలేదు. విసిగించినవన్నీ చిన్న అక్షరాల్లో ఉన్నవీ, అసలు రాయనివీ.

మొదటి రోజే ఒక తమాషా. అన్నీ కలిపి ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మానిటర్ మాత్రం నల్లగా ఉంది. గంటసేపు టెన్షన్. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయబోతూ చూసుకుంటే, హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్‌ని మదర్‌బోర్డు పోర్టుకి పెట్టాను. ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండవు. కేబుల్ కింద ఉన్న కార్డుకే పెట్టాలి. రవాణాలో కార్డు కదలకుండా లోపల ఫోమ్ కూడా పెడతారు, ఆన్ చేయకముందే పక్క ప్యానెల్ తీసి దాన్ని బయటికి లాగేయండి. ఇంకో సంగతి: 144 హెర్ట్జ్ (సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చే) మానిటర్ కొని, విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో మార్చకుండా నెలన్నర 60 దగ్గరే ఆడాను. దీనికి మాత్రం ఎవర్నీ తిట్టలేను.

ర్యామ్ 16 జీబీ అని రాశారు, నిజమే. కానీ ఒకే స్టిక్. రెండు 8 జీబీ స్టిక్కులైతే డ్యూయల్ చానెల్‌లో నడుస్తాయి, ప్రాసెసర్‌కి ర్యామ్‌తో మాట్లాడే దారి రెట్టింపవుతుంది. ఒక్కటే ఉంటే సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకి కనిపించే ఫ్రేముల లెక్క) మరీ ఘోరంగా ఏమీ కనిపించదు. జనం గుమిగూడిన చోట, వేగంగా తిరిగేటప్పుడు బొమ్మ టక్కున ఆగి కదులుతుంది. ఏడాది పాటు ఇది కార్డు తప్పే అనుకున్నాను. అలాంటిదే ఇంకో స్టిక్ తెచ్చి పెట్టిన సాయంత్రమే ఆ కుదుపు చాలావరకు పోయింది. ఈ మూడేళ్లలో పెట్టిన ఖర్చులన్నిట్లో ఇదే గిట్టుబాటైంది.

వేడి సంగతి. ముందువైపు నిండా అద్దం, వెనక ఒక్క ఫ్యాన్. చూడ్డానికి షోరూమ్‌లా మెరిసిపోతుంది గానీ గాలి లోపలికెళ్లే దారే లేదు. గంట ఆడేసరికి ప్రాసెసర్ 90 డిగ్రీలు దాటేది. దాని హద్దు 100. ముందు రెండు ఫ్యాన్లు పెట్టి, అద్దాన్ని వేలెడు ముందుకి జరిపి బిగించాను. అందం పోయింది, దాదాపు పది డిగ్రీలు తగ్గింది. రంగురంగుల లైట్లని మాత్రం రెండో వారంలోనే ఆపేశాను.

అసలు దెబ్బ ఎస్‌ఎమ్‌పీఎస్ దగ్గర, అంటే లోపలి భాగాలకి కరెంటు అందించే పవర్ సప్లై దగ్గర తగిలింది. లోపల ఉన్నది 500 వాట్లది. ఆర్‌టీఎక్స్ 3060 వాడకం 170 వాట్లు, కాబట్టి ఉన్నదానికి అది సరిపోయింది, ఒక్కసారీ ఆగిపోలేదు. రెండేళ్లయ్యాక ఆర్‌టీఎక్స్ 4070కి మారదామనుకున్నాను. దానికి 650 వాట్ల సప్లై ఉండాలని ఎన్విడియా సూచన. సరే, ఎస్‌ఎమ్‌పీఎస్ మారిస్తే పోలా అని విప్పి చూస్తే, మదర్‌బోర్డుకి వెళ్లే ప్లగ్గు మామూలు 24 పిన్నులది కాదు. కంపెనీ తనకోసం చేయించుకున్న ఆకారం. బయట దొరికే ఎస్‌ఎమ్‌పీఎస్ దానికి పట్టదు. పోనీ బోర్డు మారుద్దామంటే, ఈ క్యాబినెట్లో స్క్రూ రంధ్రాలు మామూలు బోర్డులకి కలవవు. అంటే ఒక కార్డు మార్చాలంటే కార్డు, ఎస్‌ఎమ్‌పీఎస్, బోర్డు, డబ్బా అన్నీ మార్చాలి. కొనే ముందు వెనక ప్యానెల్ ఫొటో, లోపలి ఫొటో ఒకటి అడిగి ఉంటే ఇది ఐదు నిమిషాల్లో తెలిసేది. ‘అప్‌గ్రేడ్ చేసుకోవచ్చు’ అని ప్రకటనలో ఉంది. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ (గేములు, ఫైళ్లు దాచుకునే డ్రైవు) వరకు అది అబద్ధం కాదు మరి!

ఎస్‌ఎస్‌డీ గురించి రెండు మాటలు చాలు. 512 జీబీ చాలదు. ఒక్కో పెద్ద గేమ్ 100 జీబీ దాటుతోంది. ఒకటి తీసేస్తే గానీ ఇంకొకటి ఎక్కదు.

మెచ్చుకోవాల్సింది వారంటీ. రెండో ఏడు కార్డు ఫ్యాను గరగరమని మోగడం మొదలుపెట్టింది. విడిగా కొని ఉంటే తప్పు కార్డుదా, బోర్డుదా అని నేనే తేల్చుకోవాల్సి వచ్చేది. ఇక్కడ ఒక్క ఫోన్ కాల్‌తో మొత్తం డబ్బా పట్టుకెళ్లి, కార్డు మార్చి తెచ్చిచ్చారు. పదకొండు రోజులు పట్టింది, ఆట లేక ఆ రోజులు ఎలా గడిచాయో అడక్కండి. పంపే ముందు ఎస్‌ఎస్‌డీలో ఉన్నవి కాపీ చేసుకోమని వాళ్లే చెప్పారు.

కార్డు విషయంలో నాకు అదృష్టం కూడా కలిసొచ్చింది. నాది 12 జీబీ మెమరీ ఉన్న 3060. తర్వాత అదే పేరుతో 8 జీబీది కూడా వచ్చింది. మెమరీ ఒక్కటే కాదు, దాని వేగం కూడా సెకనుకి 360 జీబీ నుంచి 240కి తగ్గింది. ప్రకటనలో రెండిటికీ పేరు ఒకటే, కాబట్టి జీబీలు కూడా చదవండి. ఇప్పటి గేముల్లో టెక్స్చర్లు (వస్తువుల మీద కనిపించే పైపొర వివరాలు) పెంచినప్పుడు ఆ 12 జీబీ విలువ తెలుస్తోంది. మధ్యలో అదనపు ఫ్రేములు పుట్టించే ఎన్విడియా ఫ్రేమ్ జనరేషన్ 40 సిరీస్ కార్డుల నుంచే గానీ, 1080పీలో డీఎల్‌ఎస్‌ఎస్ (చిన్న బొమ్మని ఏఐతో పెద్దది చేసే ఎన్విడియా పద్ధతి) పెట్టుకుని నాది ఇంకా లాక్కొస్తోంది.

మళ్లీ కొనాల్సి వస్తే? రెడీమేడే కొంటాను, కానీ విడిభాగాలు బయట దొరికేవే వాడి బిగించే చోట. ఎస్‌ఎమ్‌పీఎస్ కంపెనీ, మోడల్ పేరు రాసివ్వమంటాను. ‘500 వాట్లు’ అని మాత్రమే చెబితే అక్కడితో మాట ఆపేస్తాను. ర్యామ్ స్టిక్కులెన్ని, ఎస్‌ఎస్‌డీకి ఇంకో స్లాట్ ఉందా, క్యాబినెట్ ముందువైపు జాలీయా అద్దమా, నేను మూత విప్పితే వారంటీ పోతుందా అని కూడా అడుగుతాను.

వారంటీ అయిపోయింది. సర్వీసుకి పంపడానికని మూడేళ్లు అటక మీద దాచిన అట్టపెట్టెని పారేయమని ఇంట్లో గొడవ. అమ్మేటప్పుడు పనికొస్తుందని ఇంకా ఉంచాను.