అప్‌వర్క్ రివ్యూ: ఉన్న క్లయింటే చేతులెత్తేస్తే ఇది అక్కరకొస్తుందా?

ఐదుకి మూడు స్టార్లు. అప్‌వర్క్ అంటే ఫ్రీలాన్సర్లనీ, వాళ్ళకి పనిచ్చే క్లయింట్లనీ కలిపే వెబ్‌సైట్. కొత్తగా ఫ్రీలాన్సింగ్ మొదలుపెట్టేవాళ్ళ కోసం అప్‌వర్క్ రివ్యూలు కావలసినన్ని ఉన్నాయి, ఇది వాళ్ళకి కాదు. చేతినిండా పని ఉండి, ఉన్నట్టుండి ఆ క్లయింటుకే వ్యాపారం పడిపోయి, "వచ్చే నెల నుంచి ఆపేద్దామండీ" అన్న మెయిల్ అందుకున్నవాళ్ళ కోసం రాస్తున్నాను.

నా సంగతీ అదే. ఒక కంపెనీకి గంటల లెక్కన వాళ్ళ సాఫ్ట్‌వేర్ చూసిపెట్టేవాణ్ణి, వాళ్ళు నాకు దొరికిందీ అప్‌వర్క్‌లోనే. వాళ్ళ పెద్ద కస్టమర్ ఇంకొకరి దగ్గరికి వెళ్ళిపోవడంతో ముందు కత్తెర పడింది బయటివాళ్ళకే. ఉద్యోగిని తీసెయ్యాలంటే సవాలక్ష లెక్కలు చూసుకోవాలి, కాంట్రాక్టర్‌కైతే ఒక్క మెయిల్ చాలు కదా! మనుషులు మంచివాళ్ళే, చివరి వారం గంటలకి కూడా పేచీ పెట్టలేదు.

అప్‌వర్క్ బాగా పనికొచ్చేది ఇక్కడే, కొత్త పని వెతకడం కంటే ముందు, పాత పని ముగిసే ఆ నాలుగు వారాల్లో. డబ్బుకి కటకటలాడుతున్న క్లయింటుతో పని చేస్తున్నప్పుడు టెన్షన్ అంతా చేసిన పనికి డబ్బొస్తుందా లేదా అనే. గంటల కాంట్రాక్ట్ అయితే అప్‌వర్క్ డెస్క్‌టాప్ యాప్ ఆన్ చేసి, ఏం చేస్తున్నామో మెమోలో రాసుకుంటూ పని చెయ్యాలి. ప్రతి పది నిమిషాల్లో ఎప్పుడో ఒకసారి స్క్రీన్‌షాట్ తీస్తుంది (చిరాకే, కాదనను), కానీ పేమెంట్ ప్రొటెక్షన్ (చేసిన పనికి డబ్బొస్తుందన్న అప్‌వర్క్ హామీ) వర్తించేది అలా నమోదైన గంటలకే, మనం చేత్తో ఎక్కించిన గంటలకి కాదు. ఫిక్స్‌డ్ ప్రైస్ (పని మొత్తానికి ఒకే రేటు) అయితే మైల్‌స్టోన్ డబ్బు, అంటే పనిలో ఆ దశకి ఇచ్చేది, ఎస్క్రోలో (పని అయ్యేదాకా మధ్యలో పట్టి ఉంచే ఖాతాలో) పడ్డాకే పని మొదలుపెట్టండి. మీరు పని అప్పజెప్పాక క్లయింటు 14 రోజుల్లో ఏమీ అనకపోతే డబ్బు దానంతటదే విడుదలవుతుంది.

ఇంకొకటి, దీన్ని చాలామంది పట్టించుకోరు. కాంట్రాక్ట్ ముగిశాక ఫీడ్‌బ్యాక్ ఇవ్వడానికి ఇద్దరికీ ఉండేది 14 రోజులే. మూత పడుతున్న టీమ్‌లో మీ పని తెలిసిన మేనేజర్ రేపో మాపో తనే వెళ్ళిపోవచ్చు, కాబట్టి ఆయన సీట్లో ఉండగానే కాంట్రాక్ట్ క్లోజ్ చేయించుకుని నాలుగు మాటలు రాయించుకోండి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు, పని ఆపేస్తున్నామన్న ఇబ్బందితో ఉన్నవాళ్ళు ఆ సమయంలో సాధారణంగా కాదనరు.

ఇక కొత్త పని వెతుకులాట. రెండు స్టార్లు కోసింది దీనికే. ప్రపోజల్ (పనికి దరఖాస్తు) పంపాలంటే కనెక్ట్స్ అనే టోకెన్లు ఖర్చు పెట్టాలి, పైకి కనబడాలంటే బూస్ట్ పేరుతో ఇంకొన్ని వేలంపాటలో పెట్టాలి, అంత చేసినా అవతలివాళ్ళు ఎవర్నీ తీసుకోకుండా ఊరుకోవచ్చు. ఆదాయం ఆగిపోయిన మనిషికి ఇది పుండు మీద కారమే. ఫీజు సంగతికొస్తే, 2023లో అందరికీ ఒకేలా పది శాతం చేశారు, 2025 మే నుంచి కొత్త కాంట్రాక్టులకి సున్నా నుంచి పదిహేను శాతం దాకా ఎంతైనా ఉండొచ్చు. ప్రపోజల్ పంపే ముందే ఎంతో చూపిస్తుంది, అది చూసుకుని రేటు చెప్పండి.

పని ప్రకటన పోస్ట్ తెరిచాక డబ్బు అంకె కన్నా ముందు కింద ఉండే యాక్టివిటీ భాగం చూడాలి. ప్రపోజల్స్ 50 దాటి, ఇంటర్వ్యూలు సున్నా ఉండి, క్లయింటు చివరిసారి ఎప్పుడో చూసి వదిలేసిన పోస్ట్ అయితే పక్కన పెట్టేయడమే. ఇంతకు ముందు ఎంతమందిని తీసుకున్నారో, ఎంత ఖర్చు పెట్టారో కూడా అదే పేజీలో ఉంటుంది. మొన్నే క్లయింటు మునిగి బయటపడ్డవాళ్ళం, ఇలాంటివి చూడకుండా ఎలా? కవర్ లెటర్‌లో మొదటి కొద్ది లైన్లే అవతలివాళ్ళకి లిస్టులో కనబడతాయి, వాటిని "డియర్ సర్, నాకు ఇన్నేళ్ళ అనుభవం" అంటూ తగలెయ్యకుండా సూటిగా వాళ్ళ సమస్య గురించి రాయండి.

అసలు విషయం ఏంటంటే, క్లయింటుకి వ్యాపారం పోయిందంటే ఆ పని లోకంలోంచి మాయమైపోలేదు, ఇంకొకరి చేతికి వెళ్ళింది. ఆ సిస్టమ్ లోతుపాతులు తెలిసినవాళ్ళ అవసరం ఇప్పుడు వాళ్ళకుంది. వాళ్ళని అడగడానికి అప్‌వర్క్ సెర్చ్ ఎందుకూ పనికిరాదు, పాత టీమ్‌లో ఎవరు ఎక్కడికి మారారో చూసి నేరుగా పలకరించాలి, దానికి లింక్డ్‌ఇన్ నయం. కాకపోతే ముందు మీ పాత అగ్రిమెంట్ తీసి, ఆ కస్టమర్ జోలికి వెళ్ళకూడదన్న షరతు ఉందేమో చదువుకోండి. అప్‌వర్క్‌లో పరిచయమైన క్లయింటు నుంచి రెండేళ్ళ దాకా బయట డబ్బు తీసుకోకూడదన్న రూల్ కూడా ఉంది, కావాలంటే కన్వర్షన్ ఫీజు కట్టి బయటికి రావాలి.

నాకు కొత్త పని దొరికింది కూడా అలా మారిన ఒక మేనేజర్ ద్వారానే. అయితే ఆయన వాళ్ళ బాస్‌కి నన్ను పరిచయం చేస్తూ పంపింది రెజ్యూమె కాదు, నా అప్‌వర్క్ ప్రొఫైల్ లింకు. అందుకే మూడో స్టార్, లేకపోతే రెండుతో సరిపెట్టేవాణ్ణి.