లియోన్‌లో నడక కొండ మీంచి మొదలుపెట్టండి

ఫ్రాన్సు వెళ్ళే మనవాళ్ళలో చాలామంది పారిస్ చూసి, ఐఫిల్ టవర్ దగ్గర ఫోటోలు దిగి, అటునుంచటే స్విట్జర్లాండ్ రైలెక్కేస్తారు. మధ్యలో లియోన్ ఊసే ఉండదు. పారిస్‌లోని గార్ ద లియోన్ స్టేషన్ నుంచి టీజీవీ అనే హైస్పీడు రైల్లో రెండు గంటల ప్రయాణం, అంతే. 1981లో ఫ్రాన్సు తన మొదటి హైస్పీడు రైలు నడిపింది కూడా ఈ దారిలోనే. పారిస్‌లో ఒక రోజు తగ్గించుకునైనా ఇక్కడ రెండు రాత్రులు ఉండమని నేను చెబుతాను. అయితే ఇది బస్సులో కూర్చుని చూసే ఊరు కాదు. నడవాలి, మెట్లు దిగాలి, ముక్కూమొహం తెలియని వాళ్ళ ఇంటి తలుపులు తోసుకుని లోపలికి వెళ్ళాలి.

మాతో మా మేనమామ కూడా వచ్చాడు. ధర్మవరంలో ముప్పై ఏళ్ళకు పైగా పట్టు చీరలు నేసిన మనిషి. మోకాళ్ళు అరిగిపోయి ఇప్పుడు మగ్గం దిగేశాడు. అందుకని ఈ ఊళ్ళో ఏ దారి ఎక్కాలి, ఏది దిగాలి అన్న లెక్క మాకు చాలా ముఖ్యమైంది.

ఊరి స్వరూపం ముందు తెలుసుకుంటే అలసట సగం తగ్గుతుంది. రోన్, సోన్ అని రెండు నదులు. వాటి మధ్య నాలుకలా సాగిన నేల ప్రెస్కీల్, ఊరికి నడిబొడ్డు. సోన్ నదికి పడమట ఫుర్వియేర్ కొండ, దాని పాదాల దగ్గర పాత లియోన్. ఉత్తరాన క్రువా రూస్ కొండ. ఫుర్వియేర్ మీద చర్చిలు, మఠాలు ఎక్కువ. క్రువా రూస్ మీద పట్టు నేతగాళ్ళు ఉండేవాళ్ళు. అందుకే ఒకదాన్ని ప్రార్థన చేసే కొండ, రెండోదాన్ని పని చేసే కొండ అంటారు. రెండూ నిటారుగానే ఉంటాయి. కాబట్టి సూత్రం ఒకటే: ఎక్కడానికి బండి, దిగడానికి కాళ్ళు.

బస విషయం. పార్ ద్యూ స్టేషన్ చుట్టూ పెద్ద గొలుసు హోటళ్ళు ఉన్నాయి. గదులు కొత్తవి, రేట్లు కాస్త తక్కువ. కానీ అది ఆఫీసుల పేట, సాయంత్రం అయ్యేసరికి చూడ్డానికేమీ ఉండదు, ప్రతిసారీ మెట్రో ఎక్కాలి. పాత లియోన్‌లో గదులు ఫోటోల్లో అద్భుతంగా ఉంటాయి. ఐదొందలేళ్ళ నాటి దూలాలు, రాతి గోడలు. తీరా వెళ్తే లిఫ్టు లేని మెలి మెట్లు, గులకరాళ్ళ వీధిలో సూట్‌కేసు ఈడ్చుకుపోవడం, రాత్రి ఒంటిగంట దాకా కింద బార్ల సందడి. కుర్రాళ్ళకు ఫర్వాలేదు, పెద్దవాళ్ళతో వద్దు. మేం ప్రెస్కీల్‌లో తెర్రో చౌకు దగ్గర ఒక చిన్న హోటల్ తీసుకున్నాం. రెండు కొండలకూ నడక దూరమే, మెట్రో పక్కనే. ఆ సౌకర్యానికి నూటికి నూరు మార్కులు. హోటల్‌కి మాత్రం యాభై వేస్తాను. ఏసీ ఉందని రాసి, గదిలో టేబుల్ ఫ్యాన్ పెట్టారు. జూలైలో లియోన్ ఎండ మనకు కొత్త కాదు గానీ, గాలి ఆడని చిన్న గదిలో ఆ ఉక్క కొత్తే. లిఫ్టులో ఒక మనిషి, ఒక పెట్టె పడితే అయిపోయినట్టే. బుక్ చేసేటప్పుడు ఏసీ సంగతి ఒక మెయిల్ రాసి కనుక్కోండి. మనిషికి ఇంత అని రాత్రికి పన్ను కూడా అదనంగా పడుతుంది, లెక్కలో వేసుకోండి.

మొదటి పొద్దు క్రువా రూస్‌కే కేటాయించాలి. అందరూ పాత లియోన్‌తో మొదలుపెడతారు, నాకది తప్పనిపిస్తుంది. ముందు రంగురంగుల వీధులు చూసేస్తే ఆ తర్వాత ఈ నేతగాళ్ళ కొండ బోసిగా కనిపిస్తుంది. అసలు ఊరు ఇక్కడుంది.

మెట్రో సి లైను ఎక్కితే అది పళ్ళచక్రం సాయంతో కొండ ఎక్కుతుంది. మధ్యలో వచ్చే క్రువా పాకే స్టేషన్ ప్లాట్‌ఫారమే ఏటవాలుగా ఉంటుంది. మామ అక్కడ స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. పైన దిగాక చౌకులో జకార్డు విగ్రహం. అవును, మన మగ్గాల మీద ఉండే జకార్డు ఈ మనిషి పేరే. జోసెఫ్ మరీ జకార్డు 1752లో లియోన్‌లో పుట్టాడు. ఆయనకు ముందు బుషోన్, ఫాల్కోన్, వోకాన్సోన్ అనే ముగ్గురు చేసిన ప్రయత్నాలను కలిపి, 1800 తర్వాత నాలుగైదేళ్ళలో పనికొచ్చే యంత్రంగా మలిచాడు. అంతకుముందు బొమ్మ నేయాలంటే పక్కన ఒక పిల్లో పిల్లవాడో కూర్చుని తాళ్ళు లాగాలి. ఆ పని చిల్లులు పొడిచిన అట్టలకు అప్పగించాడు.

కొంచెం దూరంలో ఇవ్రీ వీధిలో మెజోన్ దే కానూ అనే చిన్న మ్యూజియం ఉంది. కానూ అంటే లియోన్ పట్టు నేతగాడు. ఇక్కడ చేతి మగ్గం మీద నేసి చూపిస్తారు. మాకు ఫ్రెంచి రాదు, మామకు ఆ అవసరం పడలేదు. మగ్గం ఎదురుగా నిలబడి, నేసేవాడి చేతుల కన్నా ముందు పైన తిరిగే అట్టల్ని చూశాడు. "అదే కదరా, మన అట్టలే. కానీ వీళ్ళది నేల మీద మగ్గం. మన మాదిరి గుంత లేదు చూడు" అన్నాడు. పడుగు పోగులు చూపించి ఏదో సైగ చేస్తే, నేసేవాడు మగ్గం ఆపి దగ్గరకు పిలిచాడు. ఇద్దరూ పోగుల మీద వేళ్ళు పెట్టి కాసేపు మాట్లాడుకున్నారు, ఒకరిది ఫ్రెంచి, ఒకరిది తెలుగు. టికెట్టు డబ్బులు అక్కడే వచ్చేశాయి. చేనేతతో ఏ సంబంధం లేనివాళ్ళకు కూడా ఇది చూడదగ్గదే, కాకపోతే వేళలు ముందుగా చూసుకుని వెళ్ళండి. ప్రదర్శన లేని టైములో వెళ్తే మిగిలేది దుకాణమే.

బయటికొచ్చి ఈ పేట ఇళ్ళు చూస్తే ఇప్పుడు అర్థమవుతాయి. జకార్డు మగ్గం చాలా ఎత్తు. దాని కోసం నాలుగు మీటర్ల ఎత్తు గదులు కట్టారు. వెలుతురు కోసం పొడవాటి కిటికీలు పెట్టారు. గది మగ్గానిది, మనుషులు పైన అటక మీద పడుకునేవాళ్ళు. ఇప్పుడు ఆ గదులకే గిరాకీ, మంచి ఉద్యోగాలున్నవాళ్ళు మాత్రమే కొనగలరు.

1831 నవంబరులో ఈ కొండ మీదే కానూలు తిరగబడ్డారు. కారణం కూలి రేటు. కనీస రేటుకు జిల్లా అధికారి ముందు ఒప్పందం కుదిరింది. వర్తకుల్లో కొందరు దాన్ని కాదన్నారు. నేతగాళ్ళు కొండ దిగి ఊరినే పట్టుకున్నారు. పని చేస్తూ బతుకుతాం, లేదంటే పోరాడుతూ చస్తాం అని నల్ల జెండా మీద రాసుకున్నారు. సైన్యం వచ్చింది, ఒప్పుకున్న రేటు రద్దయింది. 1834లో మళ్ళీ తిరగబడితే అణిచేశారు, ఈసారి రక్తం చాలా పారింది. ఇదంతా మామకు చెబితే ఆయన అడిగింది ఒకటే: "మగ్గం ఎవరిది?" నేతగాడిదే అన్నాను. "నూలు?" సావుకారుది. "ఇంకేముంది, మన కథే" అన్నాడు.

దిగేటప్పుడు గ్రో కైయూ అనే పెద్ద బండరాయి దగ్గర ఆగండి. కొండ రైలు సొరంగం తవ్వుతుంటే బయటపడింది. ఆల్ప్స్ నుంచి హిమానీనదం దొర్లించుకొచ్చిన రాయి. రాయి సంగతలా ఉంచి, అక్కణ్ణుంచి రోన్ నది వైపు కనిపించే దృశ్యం బాగుంటుంది, బెంచీలున్నాయి. తర్వాత కోల్బేర్ చౌకు 9వ నంబరు తలుపులోంచి వెళ్తే వోరాస్ ప్రాంగణం. లోపల ఆకాశం దాకా ఎదిగినట్టుండే రాతి మెట్ల వరస, దాని కింద నుంచి కిందివీధిలోకి దారి. ఇలా ఒక వీధిలో తలుపు తెరుచుకుని ఇళ్ళ మధ్యగా ఇంకో వీధిలో తేలే దారుల్నే ట్రబూల్ అంటారు. ఊరంతా కలిపి కొన్ని వందలున్నాయి, పరాయివాళ్ళకు తెరిచేవి కొన్నే. పట్టు థానులు వానకు తడవకుండా వీటిలోంచి మోసేవాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల కళ్ళుగప్పడానికి ఇవే పనికొచ్చాయి. ఇవన్నీ ఇప్పటికీ జనం కాపురముంటున్న ఇళ్ళు. పోస్టు డబ్బాలు, చెత్త డబ్బాలు, పిల్లల సైకిళ్ళు దాటుకుంటూ పోవాలి. గట్టిగా మాట్లాడకూడదు. మా ముందు వెళ్తున్న ఒక గుంపు రీల్స్ తీస్తుంటే పై అంతస్తు నుంచి ఒక పెద్దావిడ కిటికీ తెరిచి తిట్టిన తిట్లకు అనువాదం అక్కర్లేకపోయింది.

రెండో నడక ఫుర్వియేర్. వ్యూ లియోన్ మెట్రో స్టేషన్ నుంచే రెండు కొండ రైళ్ళున్నాయి, మామూలు మెట్రో టికెట్టుతోనే ఎక్కొచ్చు. ఒకటి సరాసరి కొండ మీది బసిలికా అనే పెద్ద చర్చికి పోతుంది, ఇంకోదానిలో మినీమ్ అనే స్టేజీలో దిగితే రోమన్ రంగస్థలాలు. క్రీ.పూ. 43లో రోమన్లు లుగ్దునుం పేరుతో ఊరు కట్టింది ఈ కొండ మీదే, క్లాడియస్ చక్రవర్తి పుట్టింది ఇక్కడే. పెద్ద రంగస్థలం సుమారు పదివేల మంది పట్టేది. చూడ్డానికి డబ్బులక్కర్లేదు. అయితే వేసవిలో సంగీత, నాటకోత్సవాలు జరుగుతాయి, ఆ రోజుల్లో రాళ్ళ మీద ఇనుప వేదికలు, లైట్లు, వైర్లు కమ్మేసి ఉంటాయి. రాళ్ళు చూడాలనుకునేవాళ్ళు జూన్, జూలై తప్పించండి. పక్కనే కొండలోకి దిగినట్టు కట్టిన లుగ్దునుం మ్యూజియం ఎండలో హాయిగా ఉంటుంది. క్లాడియస్ ప్రసంగం చెక్కిన కంచు పలక కూడా అందులోనే ఉంది.

బసిలికా బయటనుంచి చూస్తే నాకు నచ్చలేదు. నాలుగు బురుజులతో బోర్లించిన బల్లలా ఉంది. లోపల మొజాయిక్ పని మాత్రం కళ్ళు తిప్పుకోనివ్వదు. దాని పక్క నుంచి రోజరీ తోటలోంచి మెలికలు తిరిగే బాట దిగితే పాత లియోన్ చేరతారు. మెట్ల దారులూ ఉన్నాయి గానీ, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు తోట బాటే మేలు.

పాత లియోన్‌లో 15, 16 శతాబ్దాల ఇళ్ళు వీధులకు వీధులు నిలిచి ఉన్నాయి. ఇటలీ వర్తకులు, బ్యాంకర్లు కట్టించినవి చాలా ఉన్నాయి. 1950ల నాటికి ఈ పేట శిథిలమై, మేయర్ లూయీ ప్రాడెల్ దీని మధ్యలోంచి రోడ్డు వేద్దామనుకున్నాడు. ఊరి సంఘం ఒకటి అడ్డం తిరిగింది, 1962లో పాత పేటల్ని కాపాడే మాల్రో చట్టం వచ్చింది, 1964లో దేశంలోనే మొదటి రక్షిత ప్రాంతం ఇదే అయింది. 1998లో యునెస్కో జాబితాలో చేరింది. ఇప్పుడు ఆ వీధుల్లో సగం ఐస్‌క్రీము కొట్లు, అయస్కాంతం బొమ్మల కొట్లు. సెయింట్ జాన్ వీధిలో మధ్యాహ్నం భుజాలు రాసుకుంటూ నడవాలి. ఉదయం తొమ్మిదికల్లా వెళ్ళండి, ట్రబూల్ తలుపులు ఎక్కువగా తెరిచి ఉండేదీ అప్పుడే. 54వ నంబరులో లోపలికెళ్తే నాలుగు ప్రాంగణాలు దాటి బఫ్ వీధి 27లో బయటపడతారు. ఊళ్ళో అన్నిటికన్నా పొడుగైన ట్రబూల్ ఇదే.

గైడు కావాలా? పాత లియోన్‌కి కావాలి, క్రువా రూస్‌కి మ్యాపు చాలు. మేం బెల్‌కూర్ చౌకులోని టూరిస్టు ఆఫీసులో ఇంగ్లీషు టూరు తీసుకున్నాం. చిన్న గుంపు, ఏ తలుపు ఏ వేళకు తెరుచుకుంటుందో తెలిసిన మనిషి. ఆఖరున టిప్పు ఇచ్చే ఉచిత టూరు ఒకటి కూడా చూశాం. ముప్పై మంది ఒకేసారి, వెనకవాళ్ళకు మాట వినబడదు, అంత గుంపుతో ట్రబూల్స్‌లోకి వెళ్ళడం కుదరక బయట నుంచే చెప్పి నడిపించేశారు. లియోన్ సిటీ కార్డు కొంటే ప్రయాణం, మ్యూజియాలు కలిసొస్తాయి, కానీ రోజుకు రెండు మ్యూజియాలైనా చూసేవాళ్ళకే అది గిట్టుబాటు.

తిండి సంగతికొస్తే బుషోన్ అనే చిన్న భోజనశాలలు ఈ ఊరి ప్రత్యేకత. మాంసం తినేవాళ్ళకు పండగే. తబ్లియే ద సపూర్ అంటే మన బోటీయే, రొట్టె పొడిలో అద్ది వేయించి ఇస్తారు. మామ రెండు ప్లేట్లు లాగించి కారం లేదని మాత్రం బాధపడ్డాడు. కెనెల్ అనేది చేప గుజ్జుతో చేసి సాసులో ముంచిన మెత్తటి ముద్ద, నాకు చప్పగా అనిపించింది. శాకాహారులకు కష్టమే. సర్వెల్ ద కానూ పేరు విని భయపడకండి, పేరుకు నేతగాడి మెదడు గానీ అది వెల్లుల్లి, ఆకులు కలిపిన తాజా చీజ్, రొట్టెకు రాసుకుంటే బ్రహ్మాండం. మా ఆవిడ దానితోనూ, ప్రలీన్ టార్టు అనే గులాబి రంగు మిఠాయితోనూ నెట్టుకొచ్చింది. లియోన్ సలాడ్‌లో పంది మాంసం ముక్కలుంటాయి, సలాడ్ కదా అని తీసుకోవద్దు. వంటిళ్ళు మధ్యాహ్నం రెండింటికి కట్టేస్తారు, మళ్ళీ ఏడింటికే. అన్నం, పప్పు లేకపోతే గడవదనుకుంటే రోన్ అవతల గిలోటియేర్ పేటలో ఆసియా కిరాణా కొట్లున్నాయి.

పట్టు కొనాలనుకుంటే పర్యాటక వీధుల్లోని స్కార్ఫుల లేబుల్ చదవండి. చాలావాటిలో పట్టు కాదు, పాలిస్టరు. అసలైనవి క్రువా రూస్ వర్క్‌షాపుల్లో దొరుకుతాయి. ధర గట్టిగానే ఉంటుంది. మామ ఒక రుమాలు తిప్పి చూసి, నేత మంచిదే, ఆ ధరకే మనవాళ్ళు రెండు చీరలిస్తారని పెట్టేశాడు. ఇక రోజు ఎంచుకునేటప్పుడు సోమవారం తప్పించండి. లుగ్దునుం మూత, క్రువా రూస్ సంత ఉండదు, చిన్న కొట్లు చాలావరకు మూసే ఉంటాయి. మంగళవారం దిగితే అన్నీ కలిసొస్తాయి.