మూడుల్ మంచిదా, గూగుల్ క్లాస్‌రూమ్ మంచిదా?

రెండూ పాఠాలు, అసైన్‌మెంట్లు, పరీక్షలు ఆన్‌లైన్‌లో నడిపించే వేదికలే. 2014లో వచ్చిన గూగుల్ క్లాస్‌రూమ్ మొదలుపెట్టడం చాలా తేలిక. కోడ్ ఇస్తే విద్యార్థులు చేరిపోతారు, అసైన్‌మెంట్ ఎవరి కాపీ వాళ్లకు వెళ్తుంది. సర్వర్ టెన్షన్ లేదు.

2002 నాటి మూడుల్ అలా కాదు. సాఫ్ట్‌వేర్ ఉచితమే గానీ సర్వర్, బ్యాకప్, అప్‌డేట్లు చూసే మనిషి కావాలి. ఆ మనిషి సెలవు పెడితే కాలేజీ అంతా అతనికే ఫోన్లు! అయితే పరీక్షల దగ్గర దీనికి తిరుగులేదు. ప్రశ్నల బ్యాంకు నింపి ఉంచితే క్విజ్‌లో ఒక్కొక్కరికి వేర్వేరు ప్రశ్నలు తీసిస్తుంది. ఒకే లెక్కను అంకెలు మార్చి కూడా ఇవ్వగలదు, కాబట్టి పక్కవాడి జవాబు చూసి రాసినా లాభముండదు. ఎవరు ఎప్పుడు ఏం తెరిచారో లాగ్‌లో, అంటే అది దాచే రికార్డులో, కనిపిస్తుంది.

ఐటీ సిబ్బంది లేని చిన్న కాలేజీకి క్లాస్‌రూమ్ చాలు. ఇంటర్నల్ మార్కులు ఆన్‌లైన్ పరీక్షలతోనే వేసేవాళ్లకైతే నా ఓటు మూడుల్‌కే.