మీట నొక్కితే మేలా, టైమర్ పెడితే మేలా? ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ తెరిచే దారులు

కడపలో వై.వి.స్ట్రీట్ వెనక సందులో మాది చిన్న అకౌంట్ల ఆఫీసు. ఆఫీసంటే రెండు టేబుళ్లు, ఒక ల్యాప్‌టాప్, ఒక ప్రింటర్, గోడవారగా బిల్లుల కట్టలు. పొద్దున పదికి షట్టర్ ఎత్తేసరికే ఎవరో ఒకరు వచ్చి నిలబడి ఉంటారు. ఒకాయన లెడ్జర్ చూపించమంటాడు, ఇంకొకాయన ఫోన్లోనే జీఎస్టీ నంబరు చెప్పి స్టేటస్ అడుగుతాడు. ట్యాలీ (లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్), ఎక్సెల్, బ్రౌజర్, కాలిక్యులేటర్, వాట్సాప్. రోజంతా ఈ ఐదింటి మధ్యే నా తిరుగుడు. ఒక చేత్తో ఫోన్ పట్టుకుని ఇంకో చేత్తో మౌస్‌తో ఐకాన్ వెతుక్కోవడం విసుగు పుట్టి, ఈ షార్ట్‌కట్ కీల వ్యవహారంలోకి, అంటే రెండు మూడు మీటలు కలిపి నొక్కి సాఫ్ట్‌వేర్ తెరిచే పద్ధతిలోకి దిగాను. ఆ తర్వాత మా మేనల్లుడు వచ్చి, "కీలు ఎందుకు మామా, టైమర్ పెట్టుకుంటే అదే తెరుచుకుంటాది" అన్నాడు. రెండూ వాడి చూశాను. రెండింటి దగ్గరా దెబ్బ తిన్నాను కూడా. నావన్నీ విండోస్ ల్యాప్‌టాప్ సంగతులు.

ముందు అన్నిటికంటే తేలికైన దాని గురించి చెప్తాను, ఎందుకంటే చాలామందికి ఇదొక్కటే సరిపోతుంది. స్క్రీన్ కింద టాస్క్‌బార్ మీద పిన్ చేసిన ఐకాన్లకు ఎడమ నుంచి వరసగా నంబర్లు ఉంటాయి, కంటికి కనపడవు అంతే. విండోస్ కీ పట్టుకుని 1 నొక్కితే మొదటిది, 2 నొక్కితే రెండోది. అలా 9 దాకా వెళ్లి, పదోదానికి 0. సెట్ చేయాల్సిందేమీ లేదు. అప్పటికే తెరిచి ఉన్న సాఫ్ట్‌వేర్ అయితే కొత్తగా ఇంకోటి తెరవకుండా ఉన్నదాన్నే ముందుకు తెస్తుంది. ఇంకోటి కావాలంటే షిఫ్ట్ కూడా కలిపి నొక్కాలి. ఒక్కటే ఇబ్బంది: ఐకాన్ల వరస మారితే నంబర్లూ మారతాయి. మా ఆఫీసులో సాయంత్రం పూట ట్యుటోరియల్ చూసుకునే పిల్లవాడు ఒకసారి ఐకాన్లు అటూ ఇటూ లాగాడు. మర్నాడు నేను ట్యాలీ అనుకుని నొక్కినప్పుడల్లా వాట్సాప్ వచ్చింది. వేలికి అలవాటైపోయాక వరస మారితే ఎంత తికమకో అప్పుడు తెలిసింది.

ఇక అసలు షార్ట్‌కట్ కీ. డెస్క్‌టాప్ మీద సాఫ్ట్‌వేర్ ఐకాన్‌ను ఒకసారి నొక్కి, ఆల్ట్ పట్టుకుని ఎంటర్ కొడితే ప్రాపర్టీస్ వస్తుంది. అందులో షార్ట్‌కట్ అనే ట్యాబ్‌లో 'షార్ట్‌కట్ కీ' అని ఒక గడి, దాంట్లో 'నన్' అని ఉంటుంది. ఆ గడిలో నొక్కి, మీకు కావాల్సిన అక్షరం ఒక్కటి కొట్టండి. కంట్రోల్, ఆల్ట్ అనేవి అదే ముందు చేర్చుకుంటుంది. నేను టీ కొట్టాను, కంట్రోల్-ఆల్ట్-టీ అయింది. ఓకే నొక్కితే పని అయిపోయినట్టే. ఎడమచేతి వేళ్లతోనే మూడూ అందుతాయి కాబట్టి కుడిచేతిలో బిల్లో ఫోనో ఉన్నా పర్వాలేదు. టీ ఎంచుకోవడానికి అసలు కారణం అదే, ట్యాలీ పేరు ఆ అక్షరంతో మొదలవడం కలిసొచ్చింది.

ఇది పని చేయాలంటే ఆ షార్ట్‌కట్ ఐకాన్ డెస్క్‌టాప్ మీదగానీ స్టార్ట్ మెనూలోగానీ ఉండాలి. డెస్క్‌టాప్ నిండిపోయిందని ఐకాన్లన్నీ డీ డ్రైవ్‌లో ఫోల్డర్ చేసి పెట్టారనుకోండి, కీలన్నీ మూగబోతాయి. మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి దించుకున్న యాప్‌లకు ముందు డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్ చేసుకోవాలి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన రన్ అనే గడిలో ఇంగ్లిష్‌లో షెల్, కోలన్, యాప్స్‌ఫోల్డర్ అని గ్యాప్ లేకుండా కొడితే యాప్‌లన్నీ ఒకచోట కనపడతాయి. రైట్ క్లిక్ చేసి షార్ట్‌కట్ తయారుచేస్తే డెస్క్‌టాప్ మీదకు వస్తుంది. ఇంకో సంగతి, నొక్కిన వెంటనే తెరుచుకోవడం లేదని కంగారు పడి మళ్లీ మళ్లీ నొక్కకండి. ఈ కీలు కొన్నిసార్లు రెండు మూడు సెకన్లు తీసుకుంటాయి. విండోస్ కీ, నంబరు పద్ధతికి ఈ ఆలస్యం లేదు.

నాకు దెబ్బ తగిలింది అక్షరం ఎంచుకునే దగ్గర. ఉత్సాహం కొద్దీ కాలిక్యులేటర్‌కు అంకె 4 ఇచ్చాను. రెండు రోజులు బాగానే నడిచింది. మూడో రోజు ఒక కొటేషన్ టైపు చేస్తూ రూపాయి గుర్తు కోసం ఎప్పటిలాగే కుడివైపు ఆల్ట్ పట్టుకుని 4 నొక్కాను. గుర్తు పడలేదు, కాలిక్యులేటర్ తెరుచుకుంది. మూసి మళ్లీ నొక్కితే ఇంకో కాలిక్యులేటర్. కీబోర్డు చెడిపోయిందనే అనుకున్నాను. విషయమేమిటంటే, ఇంగ్లిష్ ఇండియా కీబోర్డులో కుడి ఆల్ట్ అంటే విండోస్ లెక్కలో కంట్రోల్, ఆల్ట్ కలిపి నొక్కినట్టే. నేనిచ్చిన కంట్రోల్-ఆల్ట్-4, రూపాయి గుర్తు వేసే కుడి ఆల్ట్-4, దాని దృష్టిలో రెండూ ఒకటే. 2010లో వచ్చిన ఆ గుర్తును నా కాలిక్యులేటర్ రెండు రోజుల్లో మింగేసింది!

అందుకని అక్షరం ఇచ్చే ముందు మీరు రోజూ వాడే సాఫ్ట్‌వేర్‌లో ఆ కలయికకు ఇంకేదైనా పని ఉందేమో చూసుకోండి. ఎక్సెల్ వాడేవాళ్లు వీ జోలికి పోవద్దు, కంట్రోల్-ఆల్ట్-వీ అంటే పేస్ట్ స్పెషల్. వర్డ్‌లో 1, 2, 3 హెడ్డింగులకు పోతాయి. టీ కూడా వర్డ్‌లో ట్రేడ్‌మార్క్ గుర్తు వేస్తుంది, కానీ నాకు దాంతో ఏం పని? ట్యాలీకే ఇచ్చేశాను.

ఇప్పుడు టైమర్ సంగతి. విండోస్‌లోనే టాస్క్ షెడ్యూలర్ అని ఒకటి ఉంది, స్టార్ట్‌లో పేరు కొడితే వస్తుంది. 'క్రియేట్ బేసిక్ టాస్క్' నొక్కితే అదే ఒక్కో ప్రశ్న అడుగుతూ పోతుంది: పేరేమిటి, రోజూనా వారానికా నెలకా, ఎన్ని గంటలకు, ఏం తెరవాలి. సాఫ్ట్‌వేర్ ఎక్కడుందో తెలియకపోతే దాని షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో టార్గెట్ అని ఉన్న గడిలోని అడ్రసు కాపీ చేసుకోవచ్చు. ఫలానా ఎక్సెల్ ఫైలే తెరవాలంటే పైన ఎక్సెల్ అడ్రసు ఇచ్చి, కింద ఆర్గ్యుమెంట్స్ గడిలో ఫైలు అడ్రసు ఇవ్వాలి. ఆ అడ్రసులో ఎక్కడైనా గ్యాప్ ఉంటే రెండు పక్కలా కొటేషన్ గుర్తులు తప్పనిసరి.

నెలకు ఫలానా తేదీలు అని ఎంచుకోవచ్చు కాబట్టి నాలాంటివాళ్లకు ఇది వరంలాగా కనపడింది. నెలనెలా కట్టేవాళ్లకు జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలిచ్చే రిటర్న్) గడువు 11వ తేదీ, జీఎస్టీఆర్-3బీ (పన్ను కట్టి వేసే రిటర్న్) గడువు 20. మధ్యలో 14న 2బీ, అంటే కొనుగోళ్ల మీద కట్టిన పన్నులో ఎంత మినహాయించుకోవచ్చో చూపే పట్టిక, తయారవుతుంది. 9న ఒకటి, 15న ఒకటి, 18న ఒకటి టైమర్లు పెట్టాను. 18 సాయంత్రం నాలుగింటికి తెరుచుకోవాల్సింది, ఎవరి పన్ను ఇంకా కట్టలేదో రాసుకునే ఎక్సెల్ షీటు. రెండు నెలలు టంచనుగా తెరుచుకుంది. ఇక ఆ షీటును గుర్తుపెట్టుకోవడం నేను మానేశాను.

మే నెలలో 18న మధ్యాహ్నం మూడున్నరకు కరెంటు పోయింది. ఎండ సంగతి చెప్పక్కర్లేదు. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద ఉంది కాబట్టి పని చేసుకుంటూనే ఉన్నాను. నాలుగైంది, ఐదైంది, షీటు తెరుచుకోలేదు, నాకు గుర్తూ రాలేదు. 20వ తేదీ రాత్రి ఎనిమిదింటికి ఎర్రగుంట్ల నుంచి బండల వ్యాపారి ఒకాయన ఫోన్ చేసి, "సార్, మాది కట్టేసినారా?" అన్నాడు. కట్టలేదు. ఆయనతో నెట్ బ్యాంకింగ్‌లో డబ్బు కట్టించి, రిటర్న్ వేసేసరికి రాత్రి 10:40. దాటిపోయి ఉంటే రోజుకు 50 రూపాయల లేట్ ఫీజు, పన్ను మీద ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ. డబ్బు సంగతి అటుంచి, ఆయన దగ్గర నా మాట పోయేది. ఆ రెండున్నర గంటల టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

మర్నాడు మేనల్లుడు వచ్చి ఆ టాస్క్ తెరిచి చూశాడు.

"చార్జర్ పెట్టి ఉంటేనే తెరవమని చెప్పినావు మామా నువ్వు."

"నేనెప్పుడు చెప్పినారా?"

"వద్దని చెప్పలేదు కదా. చెప్పకపోతే అది అంతే."

కండిషన్స్ అనే ట్యాబ్‌లో, కరెంటు మీద ఉంటేనే టాస్క్ మొదలుపెట్టు అన్న గడికి మొదటి నుంచే టిక్కు ఉంటుంది. బేసిక్ టాస్క్ అడిగే ప్రశ్నల్లో ఈ మాట ఎక్కడా రాదు. చివర ఫినిష్ నొక్కే ముందు 'ప్రాపర్టీస్ తెరువు' అని చిన్న గడి ఉంటుంది, దానికి టిక్కు పెడితే ఈ ట్యాబ్‌లు అప్పుడే కనపడతాయి. ఆ గడిని నేను పట్టించుకోలేదు, తప్పు నాదే. మన ఊళ్లలో ల్యాప్‌టాప్ మీద టైమర్ పెట్టేవాళ్లు మొదట తీసేయాల్సిన టిక్కు ఇది. రెండోది సెట్టింగ్స్ ట్యాబ్‌లో ఉంటుంది, ఇది మనం పెట్టాల్సిన టిక్కు: అనుకున్న టైమ్ తప్పిపోతే వీలైనంత త్వరగా టాస్క్ నడపమని. ల్యాప్‌టాప్ ఆఫ్‌లో ఉండగా నాలుగు దాటిపోయినా, ఆన్ చేశాక అది గుర్తుపెట్టుకుని తెరుస్తుంది. వెంటనే కాదు, ఓ పది నిమిషాలు ఆగి. ల్యాప్‌టాప్ నిద్రలో ఉంటే లేపి మరీ తెరవమని చెప్పే టిక్కు కండిషన్స్‌లోనే ఉంది, కానీ బ్యాగులో ఉన్న ల్యాప్‌టాప్ లేచి వేడెక్కడం నాకిష్టం లేదు, దాన్ని వదిలేశాను.

యూజర్ లాగిన్ అయినా కాకపోయినా నడుపు అనే ఆప్షన్ కూడా జనరల్ ట్యాబ్‌లో ఊరిస్తుంది. స్క్రీన్ మీద కనపడాల్సిన సాఫ్ట్‌వేర్‌కు అది పెట్టొద్దు. లోపల ఎక్కడో తెరుచుకుంటుంది, మనకు కనపడదు. ఆ ఫైలు మనం తెరవబోతే ఇప్పటికే ఎవరో వాడుతున్నారంటుంది.

'పొద్దున ఆన్ చేయగానే ట్యాలీ, ఎక్సెల్, బ్రౌజర్ మూడూ తెరుచుకుంటే బాగుండు' అనేవాళ్లు చాలామంది. నేనూ అనుకున్నాను. దీనికి రెండు దారులు. రన్ గడిలో షెల్, కోలన్, స్టార్టప్ అని కొడితే వచ్చే ఫోల్డర్‌లో షార్ట్‌కట్‌లు పడేయడం ఒకటి. టాస్క్ షెడ్యూలర్‌లో లాగిన్ అయినప్పుడు అని ఎంచుకోవడం రెండోది. మొదటిది నిమిషంలో అయిపోతుంది, కానీ కాస్త పాత ల్యాప్‌టాప్ అయితే అన్నీ ఒకేసారి మీద పడి చాలాసేపు నత్తలా కదులుతుంది. రెండోదాంట్లో ట్రిగ్గర్‌ను (ఎప్పుడు తెరవాలో చెప్పే భాగాన్ని) ఎడిట్ చేస్తే ఒక్కోదానికి ఇంత ఆలస్యం అని ఇవ్వొచ్చు: ట్యాలీ 30 సెకన్లకు, బ్రౌజర్ నిమిషానికి. పని మొదలుపెట్టే ముందు ఆ మూడూ ఎలాగూ కావాల్సినవాళ్లకు ఈ రెండోదే మేలు. నేను మాత్రం రెండూ తీసేశాను. ఆదివారం పిల్లకు హాల్ టికెట్ ప్రింట్ తీద్దామని ఆన్ చేసినా ట్యాలీ వచ్చి ముందు నిలబడుతోంది.

బయట నుంచి దించుకునే ఉచిత సాధనాలూ ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ వాళ్ల పవర్‌టాయ్స్‌లో కీబోర్డ్ మేనేజర్ అని ఉంది, డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్ లేకపోయినా కీకి సాఫ్ట్‌వేర్‌ను కట్టేయొచ్చు. ఆటోహాట్‌కీ ఇంకా లోతైనది, కీ నొక్కితే సాఫ్ట్‌వేర్ తెరిచి, అందులో నాలుగు ముక్కలు టైపు చేసి, ఎంటర్ కూడా అదే కొట్టేలా రాసుకోవచ్చు. టైమర్ కూడా అందులోనే రాయొచ్చు. కాకపోతే అది కోడ్ రాసే పని. ఇంటర్నెట్‌లో దొరికే పాత ఉదాహరణలు చాలావరకు మొదటి వెర్షన్‌వి, 2022 చివర్లో వచ్చిన రెండో వెర్షన్‌లో అవి అలాగే పెడితే నడవవు. రాయగలిగినవాళ్లకు సరదా. ఐదు సాఫ్ట్‌వేర్లు తెరుచుకోవడానికి అంత దూరం వెళ్లడం, దోసెలోకి కారం కావాలని మిరపతోట వేసినట్టు.

మరి ఏది మేలు అంటే, నేను చూసేది ఒక్కటే: ఆ పని నాకు ఎవరు గుర్తు చేస్తారు? ఎదురుగా మనిషి నిలబడి లెడ్జర్ అడిగితే ట్యాలీ తెరవాలని నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు. అక్కడ కావాల్సింది వేగం, అందుకు కీ. కీ పని చేయకపోతే ఆ క్షణంలోనే తెలుస్తుంది, మౌస్ పట్టుకుంటాం. ఎవరూ అడగని పని, అడిగే రోజుకు ఆలస్యమైపోయే పని, దానికి టైమర్. కానీ టైమర్ పని చేయకపోతే మనకు తెలియదు. తెరుచుకోని షీటు చప్పుడు చేయదు కదా. 'ఇదంతా ఎందుకు, ఫోన్లో అలారం పెట్టుకో' అంటుంది మా ఆవిడ. అలారం మోగితే ఆపి పక్కన పెట్టేస్తాను, నా సంగతి నాకు తెలుసు. షీటు కళ్ల ముందుకు వచ్చి కూర్చుంటే దాన్ని దాటుకుని పోవడం కష్టం. అయినా మే తర్వాత 18వ తేదీకి మాత్రం రెండూ ఉంచాను.

రోజూ ఐదున్నరకు బ్యాకప్ కోసం ట్యాలీ తెరిచే టైమర్ కూడా కొన్నాళ్లు పెట్టి తీసేశాను. సరిగ్గా ఆ వేళకే ఎవరితోనో మాట్లాడుతుంటే మధ్యలో ఇంకో విండో ఎగిరి వచ్చి, టైపు చేస్తున్న అంకెలు దాంట్లో పడేవి. రోజువారీ పనికి టైమర్ నాకు సరిపడలేదు. నెలవారీ పనికి దాన్ని మించింది లేదు.

ల్యాప్‌టాప్ మార్చేవాళ్లకు ఒక మాట. టాస్క్ షెడ్యూలర్‌లో ఒక్కో టాస్క్ మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ కొడితే చిన్న ఫైలు వస్తుంది, దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని కొత్తదాంట్లో ఇంపోర్ట్ చేసుకోవచ్చు. సాఫ్ట్‌వేర్, ఫైళ్లు పాత ల్యాప్‌టాప్‌లో ఉన్న అడ్రసులోనే ఉండాలి, లేకపోతే యాక్షన్స్ ట్యాబ్‌లో దిద్దుకోండి. ఆ పనిలో ఉండగానే కండిషన్స్ ట్యాబ్ కూడా ఇంకోసారి తెరిచి, చార్జర్ టిక్కు ఉందో పోయిందో చూడండి.