16 అంగుళాల స్క్రోల్ సా: జాలీ పనికి, పొదుగు పనికి ఏళ్ల తరబడి వాడాక

స్క్రోల్ సా అంటే సన్నని బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ చెక్కలో వంపులు కోసే మోటారు రంపం. తక్కువ ధరలో దొరికే 16 అంగుళాల స్క్రోల్ సాలు చాలావరకు ఒకే అచ్చులోంచి వచ్చినవే. రంగు మారుతుంది, స్టిక్కర్ మారుతుంది, లోపలి సరుకు మారదు. అందుకే కంపెనీ పేరు పక్కనపెట్టి ఆ రకం గురించే రాస్తున్నాను: 120 వాట్ల మోటారు, నిమిషానికి 400 నుంచి 1600 స్ట్రోకులు, బ్లేడు నుంచి వెనక స్తంభం దాకా 405 మి.మీ. జాగా, ఎడమవైపు 45 డిగ్రీల దాకా వంగే పోత ఇనుము టేబుల్.

ముందే తేల్చి చెప్పాలంటే, 20 మి.మీ. లోపు చెక్కలో జాలీ పనికి ఇది భేషైన మెషీన్. పొదుగు పనికి, అంటే ఒక చెక్కలో ఇంకో రంగు చెక్క ముక్కను పొదగడానికి కూడా పనికొస్తుంది కానీ దాని కోణం స్కేలును నమ్మకూడదు. 40 మి.మీ. దిమ్మెలో రెండు వైపుల నుంచి కోసి బొమ్మ తీసే కాంపౌండ్ పని కోసమే కొంటానంటే మాత్రం వద్దంటాను. బ్లేడు మధ్యలో విల్లులా వంగి, పైన గీతమీద నడిచిన కోత కింద 1 మి.మీ. పక్కకు పోతుంది. దంతాల సందుల్లో పొట్టు బయటపడే దారిలేక చెక్క నల్లబడుతుంది. నంబర్ 9 బ్లేడు వేసి నెమ్మదిగా తోస్తే కొంత మెరుగే తప్ప పూర్తిగా పోదు.

పెట్టెలో వచ్చే, చివర్లలో అడ్డంగా పిన్ను ఉండే బ్లేడ్లను పక్కన పడేయండి. ఆ పిన్ను దూరాలంటే కనీసం 5 మి.మీ. బెజ్జం కావాలి. జాలీలో ఒక్కో కన్నమే అంతకన్నా చిన్నది, ఇక దేన్ని కోస్తాం? పిన్ను లేని 5 అంగుళాల బ్లేడ్లే వాడాలి. నంబర్ 2 బ్లేడు వెడల్పు 0.74 మి.మీ., దానికి 1 మి.మీ. బెజ్జం చాలు. నంబర్ 5 అయితే 0.97 మి.మీ., 1.2 నుంచి 1.5 మి.మీ. బెజ్జం వేసుకోవాలి. నా పనిలో ముప్పాతిక వంతు ఈ రెండు నంబర్లతోనే సాగుతుంది. మెలితిప్పినట్టుండే స్పైరల్ బ్లేడు చెక్క తిప్పకుండానే ఎటైనా కోస్తుందని ఊరిస్తారు గానీ అంచు గరుకుగా వస్తుంది. ముఖచిత్రాల జాలీకి తప్ప నేను దాని జోలికి పోను.

ఈ మెషీన్‌లో అసలు తలనొప్పి పై క్లాంపు. అల్యూమినియం దిమ్మెలో చేత్తో బిగించే స్క్రూ ఉంటుంది. బ్లేడు జారుతోందని గట్టిగా బిగించే కొద్దీ అల్యూమినియంలో మరలు కొట్టుకుపోతాయి. జారడానికి కారణం చాలాసార్లు బిగింపు చాలకపోవడం కాదు, కొత్త బ్లేడుకు పూసి వచ్చే నూనె. రెండు చివర్లనూ 220 నంబర్ సాండ్‌పేపర్ మధ్య పట్టి ఒకసారి లాగండి, క్లాంపు లోపలి ముఖాలనూ అదే కాగితంతో రుద్దండి. అప్పటికీ జారితే స్క్రూ కొన చూడాలి: గుండ్రంగా అరిగి ఉంటే ఆకురాయితో చదును చేయాలి. స్క్రూ మార్చాల్సి వస్తే పాతది జేబులో వేసుకుని హైదరాబాద్‌లో అయితే రాణిగంజ్ వెళ్లండి, సైజు మాటల్లో చెప్తే దొరకదు. మరలు పూర్తిగా పోతే కొత్త క్లాంపు కోసం ఎదురుచూడక్కర్లేదు. బాలానగర్‌లో ఏ చిన్న లేత్ షాపులోనైనా తర్వాతి సైజుకు ట్యాప్ వేసి, అంటే కొత్త మరలు కోసి ఇస్తారు.

బ్లేడు బిగువు చాలిందో లేదో చూడటానికి వేలితో పక్కకు నొక్కండి. 3 మి.మీ. కన్నా ఎక్కువ కదిలితే చాలలేదన్నట్టే. మీటితే మందంగా కాకుండా సన్నగా మోగాలి. అన్నీ సరిగ్గా ఉన్నా కోత కుడివైపుకు లాగుతుంటే కంగారు పడకండి. అచ్చుకొట్టి చేసే బ్లేడ్లకు ఒక పక్క సన్నని పొర మిగులుతుంది, ఆ పక్కకే లాగుతుంది. చెక్కను రెండు మూడు డిగ్రీలు వాలుగా తోయడం అలవాటైతే మళ్లీ గుర్తుకు కూడా రాదు.

టేబుల్ మధ్య ప్లాస్టిక్ బిళ్ళకున్న కంత మరీ పెద్దది. సన్నని జాలీ ముక్కలు అందులో పడిపోతాయి, పడే ముందు విరుగుతాయి కూడా. సన్మైకా ముక్కకు 2 మి.మీ. బెజ్జం వేసి డబుల్ టేప్‌తో టేబుల్‌కు అంటిస్తే ఆ బాధ పోతుంది. ఇంకో కిటుకు అందరూ చెప్తారు: పల్చటి చెక్కను ఎప్పుడూ బ్లేడులో ఒకే 20 మి.మీ. భాగం కోస్తుంది కాబట్టి 12 మి.మీ. ఎండీఎఫ్ పలక కింద పెట్టి ఎత్తు పెంచితే కొత్త దంతాలు పనికొస్తాయని. నిజమే. కానీ రివర్స్ దంతాల బ్లేడు వాడేవాళ్లు ఒకటి చూసుకోవాలి. బ్లేడు పైకి వచ్చినప్పుడు అడుగునున్న తిరగేసిన దంతాలు రెండు మూడు చెక్కలోకి రావాలి, అప్పుడే కింది అంచు చీలకుండా ఉంటుంది. ఎత్తు పెంచితే అవి అందవు. అప్పుడు చెక్క అడుగున మాస్కింగ్ టేప్ వేయక తప్పదు.

పొదుగు పనిలో రెండు రంగుల చెక్కలను ఒకదానిపై ఒకటి అంటించి, టేబుల్ కొద్దిగా వంచి ఒకేసారి కోస్తాం. పై ముక్క జారి కింది కంతలో బిరడాలా కూర్చోవాలి. వంపు ఎంతంటే, కోత వెడల్పును చెక్క మందంతో భాగిస్తే వచ్చేది ఆ కోణం సైన్ విలువ. నంబర్ 2 బ్లేడు కోత సుమారు 0.35 మి.మీ., చెక్క 3 మి.మీ. అయితే దాదాపు 6.7 డిగ్రీలు. 6 మి.మీ. అయితే 3.3 డిగ్రీలు చాలు. టేబుల్ ఎడమ అంచు కిందికి వంచి, పొదగాల్సిన ముక్క బ్లేడుకు ఎడమవైపు ఉండేలా చెక్కను గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిప్పాలి. దిశ తప్పితే పై ముక్క కింది కంతలో బిగియదు, అడుగునుంచి జారిపోతుంది. మొదటి బెజ్జం కూడా అదే వాలులో, 1 మి.మీ. డ్రిల్‌తోనే వేయాలి. లేకపోతే అక్కడ చుక్కలా కనిపిస్తుంది.

ఇక్కడే స్కేలు దెబ్బతీస్తుంది. నా మెషీన్‌లో సున్నా అని చూపించే చోట టేబుల్ డిగ్రీకి పైగా ఒరిగి ఉంది. సున్నాను సరిచూడటం తేలికే: 40 మి.మీ. మందం చెక్కలో చిన్న కోత వేసి, చెక్కను తిప్పి, అదే కోతను బ్లేడు వెనకవైపు నుంచి ఎక్కించండి. రాసుకోకుండా దిగితే సున్నా సరిగ్గా ఉన్నట్టే, మూలమట్టం అక్కర్లేదు. వంపుకు మాత్రం వృథా ముక్కలపై 25 మి.మీ. గుండ్రం కోసి చూడాల్సిందే. ముక్క లోపలికి దిగిపోతే కోణం తక్కువ, పైకి తేలితే ఎక్కువ. అర డిగ్రీ తేడాకే ఫలితం మారిపోతుంది. రెండు చెక్కలనూ కొన్ని వారాలు ఒకే గదిలో ఉంచాక కోయండి. ఎండాకాలంలో బిగువుగా కూర్చున్న పొదుగు వానాకాలంలో ఉబ్బి పైకి లేస్తుంది.

చెక్కల సంగతి. టేకులో ఇసుక గుణం వల్ల బ్లేడు త్వరగా మొద్దుబారుతుంది, నంబర్ 5 బ్లేడు పావుగంట నుంచి అరగంట వస్తుంది. వాటర్‌ప్రూఫ్ ప్లైలో జిగురు పొరలు కూడా అంతే. పైగా మామూలు ప్లై మధ్యలో గుల్లలుంటాయి, జాలీ కన్నాల మధ్య మిగిలే సన్నని వంతెన సరిగ్గా అక్కడే తెగుతుంది. జాలీకి బర్చ్ ప్లై ఖరీదైనా దానికే పెట్టండి. నిర్మల్, కొండపల్లి బొమ్మల పొనికి దొరికితే సన్న దంతాల బ్లేడు వేయండి, ముతక బ్లేడుకు నూగు లేస్తుంది. అన్నిటి మీదా పారదర్శక ప్యాకింగ్ టేప్ ఒక వరస వేస్తే కాలడం బాగా తగ్గుతుంది. నమూనా కాగితాన్ని మాస్కింగ్ టేప్ మీద గ్లూ స్టిక్‌తో అంటించండి. మే ఎండల్లో రేకుల షెడ్డులో రోజుల తరబడి వదిలేస్తే మాత్రం ఆ టేప్ బంక చెక్కకే ఉండిపోతుంది.

కరెంటు పోయి వస్తే ఈ మెషీన్ దానంతటదే తిరగడం మొదలుపెడుతుంది. ఇది మామూలు లోపం కాదు, వేళ్లు బ్లేడు పక్కనే ఉంటాయి. కాలితో నొక్కి ఉంచితేనే నడిచే ఫుట్ స్విచ్ పెట్టుకోండి. వేగం మార్చే సర్క్యూట్ బోర్డు నాకు ఒకసారి పోయింది, అప్పటినుంచి పని కాగానే ప్లగ్గు పీకేస్తున్నాను. మోటారుకు రెండు పక్కలా నల్ల మూతలుంటే లోపల కార్బన్ బ్రష్షులున్నట్టు, అరిగితే వేగం తగ్గి నిప్పురవ్వలు కనిపిస్తాయి. టేబుల్‌కు వానాకాలం ముందు మైనం పాలిష్ పట్టించండి. సిలికాన్ స్ప్రే వద్దు, అది చెక్కకు అంటితే పాలిష్ పట్టదు.

వణుకు గురించి ఒక్క మాట: 25 మి.మీ. ప్లై మీద బోల్టులు వేసి, కింద రబ్బరు షీటు పరిస్తే సగం తగ్గుతుంది.

నగరంలో ఈ పని చేసేవాళ్లు నలుగురైదుగురు తెలిసుంటే బ్లేడ్లు గ్రోసు లెక్కన, అంటే 144, కలిసి తెప్పించుకోవడం మేలు. డజను ప్యాకెట్లలో రవాణా ఖర్చే ఎక్కువ అవుతుంది. పంచుకున్నాక ఎవరి వాటా వాళ్లు సిలికా జెల్ పొట్లంతో మూత డబ్బాలో పెట్టుకోవాలి, నంబరు రాసి. నంబర్ 1, 2 కలిసిపోతే కంటితో తేల్చలేరు. నమూనాలు ఒకరికొకరు పంపుకునేటప్పుడు మూలలో 50 మి.మీ. గీత ఒకటి గీసి పంపండి. ప్రింటరు పేజీకి సరిపెట్టి కుదించేస్తే ఆ గీతను స్కేలుతో కొలిచి పట్టుకోవచ్చు.