పాత ఎక్స్‌పీకి వర్చువల్‌బాక్స్: పాలకొల్లు డీటీపీ సెంటరు నుంచి ఒక సమీక్ష

పాలకొల్లులోని మా డీటీపీ సెంటరుకు వచ్చే పనిలో సగం శుభలేఖలే. మిగిలిన సగం రొయ్యల మేత దుకాణాల బిల్లు పుస్తకాలు, జాతర కరపత్రాలు, సంవత్సరీకం కార్డులు. వీటన్నిటినీ నేటికీ పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7లో, అను అనే తెలుగు ఫాంట్లతోనే కూర్చుతున్నాము. 2001లో వచ్చిన ఆ పేజ్‌మేకర్‌కు తరువాత మరో పెద్ద వెర్షన్ రాలేదు. మేము వాడే అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఒకేలా అర్థమయ్యే అక్షర సంకేతాలు) కావు కనుక, పాత ఫైలును ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే ‘శ్రీరస్తు, శుభమస్తు’ అని ఉండవలసిన చోట ఇంగ్లీషు అక్షరాలు, కొక్కేలు, చుక్కలు కనిపిస్తాయి. నాన్నగారి కాలం నుంచి పోగైన నమూనాలన్నీ అలాంటి ఫైళ్ళే. అందుచేత విండోస్ ఎక్స్‌పీని ఒక వర్చువల్ మెషీన్‌లో ఉంచి, కొత్త కంప్యూటర్ లోపల పాత కంప్యూటర్‌ను నడుపుకుంటూ వస్తున్నాము.

ఇందుకోసం ఇంతకాలం వాడినది డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్. దాని పేరు ఇక్కడ రాయను. పనితీరులో దానికి వంక పెట్టలేను. నా అభ్యంతరమంతా అప్‌గ్రేడ్ ఖర్చు గురించే. లోపలి ఎక్స్‌పీ మారదు, పేజ్‌మేకర్ మారదు, మా అవసరమూ మారదు. మారేది బయటి విండోస్ ఒక్కటే. అది మారినప్పుడల్లా మేము మళ్ళీ చెల్లించవలసి వచ్చేది. తాటాకు పాకకు కప్పు మార్చడం మా కోనసీమ వైపు వారికి కొత్త కాదు, కానీ కప్పు కురిసినప్పుడే మారుస్తాము. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ముగుస్తున్నదని విండోస్ 11 ఉన్న కొత్త కంప్యూటర్ కొన్నప్పుడు, మా పాత వెర్షన్ దాని మీద సరిగ్గా నడవదనీ, కొత్తదానికి ఏటా చందా కట్టాలనీ తెలిసింది. అక్కడితో ప్రత్యామ్నాయాలు చూడడం మొదలుపెట్టాను.

విండోస్ 11 ప్రోలో హైపర్-వీ అనే మైక్రోసాఫ్ట్ వారి వర్చువల్ మెషీన్ సౌకర్యం ఉచితంగానే ఉంటుంది, హోమ్ ఎడిషన్‌లో ఉండదు. మాది ప్రో అయినా అది పనికిరాలేదు, ఎందుకంటే మా పాత ప్యాకేజీ ఒకటి యూఎస్‌బీ లాక్ (లైసెన్సుకు తాళంచెవిలా పనిచేసే చిన్న పరికరం) పెడితే తప్ప తెరుచుకోదు. యూఎస్‌బీ పరికరాన్ని నేరుగా లోపలి మెషీన్‌కు అందించే సౌకర్యం హైపర్-వీలో లేదు. మా తమ్ముడి దగ్గర ఎం-శ్రేణి చిప్ ఉన్న మ్యాక్ ఉంది గానీ, ఎక్స్‌పీ ఇంటెల్ తరహా ప్రాసెసర్ల కోసం చేసినది కాబట్టి అక్కడ దాన్ని ఎమ్యులేషన్‌లో, అంటే ఆ ప్రాసెసర్‌ను సాఫ్ట్‌వేర్‌తో అనుకరిస్తూ, ఈడ్చవలసిందే. ఆ ఆలోచన ఒక్క పూటలో విరమించుకున్నాను.

మిగిలినవి వర్చువల్ మెషీన్లు నడిపే రెండు సాఫ్ట్‌వేర్లు: వర్చువల్‌బాక్స్, వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో. మొదటిదాన్ని ఎంచుకున్నాను. దాని మూల ప్యాకేజీ జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సుతో వస్తుంది, వ్యాపారానికి వాడుకున్నా రుసుము లేదు. ఇక్కడ దుకాణదారులు గమనించవలసినది ఒకటి ఉంది: అదనపు సౌకర్యాలతో విడిగా దొరికే ఎక్స్‌టెన్షన్ ప్యాక్ లైసెన్సు వేరు, సొంత వాడకానికీ చదువుకూ అది ఉచితమే గానీ వ్యాపారానికి కాదు. ఒకప్పుడు యూఎస్‌బీ 2, 3 కావాలంటే ఆ ప్యాక్ తప్పనిసరి. 2022లో వచ్చిన 7.0 నుంచి ఆ రెండూ మూల ప్యాకేజీలోనే చేరాయి, కాబట్టి మాకు ఆ ప్యాక్ అవసరం లేకుండానే లాక్ పనిచేసింది.

మార్పిడి మాత్రం నేననుకున్నంత తేలికగా సాగలేదు, అందులో తప్పు నాదే. పాత సాఫ్ట్‌వేర్ తాలూకు వీఎండీకే డిస్క్ ఫైలును (లోపలి మెషీన్ హార్డ్‌డిస్కంతా ఇమిడి ఉండే ఫైలు) వర్చువల్‌బాక్స్ నేరుగా తెరవగలదు. స్నాప్‌షాట్‌లన్నీ (మధ్యమధ్యలో భద్రపరచిన పాత స్థితులు) కలిపివేసి, ఫైలును కాపీ చేసి, కొత్త మెషీన్‌కు తగిలించి ఆన్ చేశాను. ఎక్స్‌పీ బొమ్మ ఒక్క క్షణం కనిపించి, నీలి తెర వచ్చి, మళ్ళీ మొదటికి వెళ్ళింది. మూడుసార్లు అదే వరస. నేను డిస్కును కొత్త తరహా సాటా కంట్రోలర్‌కు తగిలించాను, ఎక్స్‌పీలోనేమో దానికి కావలసిన ఏహెచ్‌సీఐ డ్రైవర్ పుట్టుకతో ఉండదు. సెట్టింగులలో ఆ డిస్కును తీసి పాత తరహా ఐడీఈ కంట్రోలర్ కింద పెట్టగానే లేచి కూర్చుంది. మాఘ మాసం ముహూర్తాల నడుమ ఈ పని పెట్టుకున్నందుకు ఆ సాయంత్రం ఇద్దరు పెళ్ళివారిని మర్నాడు రమ్మని పంపవలసి వచ్చింది.

రెండో చిక్కు వేగానిది. పేజీ జరిపితే అక్షరాలు ఒక వరుస తరువాత ఒక వరుస వస్తున్నాయి. మా ఆపరేటర్ కుర్రాడు తెర అడుగున చూపించి, “ఇక్కడ తాబేలు బొమ్మ ఉందేంటండీ?” అన్నాడు. అది నిజంగానే తాబేలు. బయటి విండోస్‌లో హైపర్-వీ పొర నడుస్తూ ఉంటే వర్చువల్‌బాక్స్ ప్రాసెసర్‌ను నేరుగా అందుకోలేక దాని మీదుగా పనిచేస్తుంది, ఆ సంగతిని ఆకుపచ్చ తాబేలుతో సూచిస్తుంది. విండోస్ 11 కంప్యూటర్లలో కోర్ ఐసోలేషన్ కింద ఉండే మెమరీ ఇంటిగ్రిటీ ఆన్‌లో ఉన్నా ఆ పొర నడుస్తుంది. దాన్ని ఆపి, హైపర్-వీ సంబంధిత ఫీచర్లను కూడా తీసివేసి, రీస్టార్ట్ చేశాక తాబేలు పోయింది. అయితే మెమరీ ఇంటిగ్రిటీ భద్రత కోసం పెట్టినది. ఇంటర్నెట్‌లో బ్యాంకు పనులు చేసుకునే కంప్యూటర్‌లో దాన్ని ఆపమని నేను ఎవరికీ చెప్పను. మేము ఆ పనులను వేరే ల్యాప్‌టాప్‌కు మార్చుకున్నాము.

ఇప్పుడు ఎక్స్‌పీకి 1 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్కు ఇచ్చాము, అంతకంటే అది అడగదు. దానికి 2014 ఏప్రిల్ 8 నుంచి మద్దతు లేదు కనుక నెట్‌వర్క్ కేబుల్ ఊడదీసినట్టు సెట్టింగులో పెట్టాము; పూర్తయిన పేజీని పీడీఎఫ్ చేసి షేర్డ్ ఫోల్డర్‌లో వేస్తే బయటి విండోస్ ప్రింటుకు పంపుతుంది. పాత సాఫ్ట్‌వేర్‌తో పోలిస్తే తెర పరిమాణం మార్చినప్పుడు కొంచెం తడబడుతుంది, మౌస్ కూడా ఒక్కోసారి బరువుగా కదులుతుంది. శుభలేఖకు ఆ తేడా లెక్కలోకి రాదు.

వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రోను కూడా పక్కన పెట్టలేదు. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ వీఎంవేర్‌ను కొన్న తరువాత, 2024 మేలో దీన్ని సొంత వాడకానికీ, అదే ఏడాది నవంబరులో వ్యాపారంతో సహా అందరికీ ఉచితం చేసింది. సంస్థ నుంచి నేరుగా సహాయం మాత్రం ఉండదు. ల్యాప్‌టాప్‌లో దీని లోపల విండోస్ 10 పెట్టి చూశాను. చిత్రాల పని ఎక్కువగా ఉన్నవారికి తెర కదలికలో ఇదే మేలు అనిపిస్తుంది. రేపు మేము ఫ్లెక్సీల పని మొదలుపెడితే దీనికే మారతాను, డిస్కు ఎలాగూ వీఎండీకేలోనే ఉంది.

డబ్బు పెట్టి కొన్న పాత సాఫ్ట్‌వేర్ వెనక గదిలోని విండోస్ 10 కంప్యూటర్‌లో ఇంకా ఉంది. శ్రావణ మాసం ముహూర్తాలన్నీ అయ్యాక తీసివేస్తాను.