మస్టరా, ఎక్సెలా, వేలిముద్ర మిషనా: జీతాల లెక్కకు ఏది మేలు?

విజయవాడ ఆటోనగర్‌లో మూడు షెడ్లకు నేను లెక్కలు రాస్తాను. ఒకటి లేతు షాపు, ఒకటి లారీ బాడీలు కట్టే షెడ్డు, ఇంకొకటి స్పేర్ పార్టుల గోడౌను. మూడింటిలోనూ పనివాళ్ల గంటలు లెక్కపెట్టే పద్ధతి వేరు. నెల తిరిగాక 7వ తేదీలోగా జీతాలు పడాలి కాబట్టి ఆ మొదటి వారమంతా నాకు మూడు రకాల టెన్షన్. మిషన్లు అమ్మేవాళ్లు మాత్రం ఏది సరిగ్గా లెక్కపెడుతుందో చెబుతారు. లెక్క తప్పడం వల్ల గొడవ రావడం నేను తక్కువే చూశాను. "ఆ రోజు నేను ఎనిమిది దాకా ఉన్నాను" అని పనివాడు అంటాడు, "ఎక్కడుంది చూపించు" అని ఓనరు అంటాడు. గొడవంతా అక్కడే. ఆ మాటకు ఏ పద్ధతి జవాబు చెప్పగలదో చూసి ఎంచుకోవాలి.

ముందు మస్టర్, అంటే హాజరు పుస్తకం. లేతు షాపులో ఎనిమిది మంది. అట్ట బైండింగు పుస్తకం, పక్కన దారం కట్టిన పెన్ను. చాలా చోట్ల మస్టర్ అంటే వచ్చినవాడికి ఒక టిక్కు, రానివాడికి ఒక సున్నా. అది రోజుల లెక్క, గంటల లెక్క కాదు. వచ్చిన టైము, వెళ్లిన టైము, పక్కన సంతకం, ఈ మూడు గళ్లూ ఉంటేనే అది జీతాల లెక్కకు పనికొస్తుంది. దీనికి పెద్ద శత్రువు శనివారం సాయంత్రం. వారమంతా వదిలేసి, ఆ రోజు మేస్త్రి కూర్చుని అందరికీ వరసగా 9:00, 6:00 రాసేస్తాడు. అలాంటి పేజీని చూడగానే గుర్తుపట్టొచ్చు, సిరా రంగు ఒకటే, చేతిరాత ఒకటే. ఏ రోజుకారోజు ఎవరి గడి వాళ్లే నింపితే మాత్రం మస్టర్‌ని మించింది లేదు. పనివాడు తన గంటలు తన కళ్లతో చూసుకుంటాడు. తర్వాత అడగడానికి ఏమీ మిగలదు.

ఇక ఎక్సెల్. ఇది మస్టర్‌కు పోటీ కాదు, దాని వెనక కూడికలు చేసే గుమాస్తా. కానీ ఈ గుమాస్తాకు ఒక తిక్క ఉంది. ఎనిమిదిన్నర గంటలని 8.30 అని కొడితే దాని దృష్టిలో అది 8 గంటల 18 నిమిషాలు. 26 రోజులకు కూడితే 215.8 వస్తుంది. నిజంగా రావాల్సింది 221. అంటే చుక్క పెట్టడం వల్ల ఒక మనిషికి నెలకు 5 గంటల 12 నిమిషాలు ఎగిరిపోయాయి. సరే, చుక్క బదులు కోలన్ పెట్టి 8:30 అని కొడదామా? ఈసారి 26 రోజుల మొత్తం 5:00 అని చూపిస్తుంది! ఎందుకంటే ఎక్సెల్‌కు టైము అంటే రోజులో ఒక భాగం. 24 గంటలు నిండగానే గడియారంలా మళ్లీ సున్నా నుంచి చూపిస్తుంది. 221లో తొమ్మిది పూర్తి రోజులు తీసేసి మిగిలిన 5 గంటలే చూపించిందన్నమాట. సెల్ ఫార్మాట్‌లో గంటలను సూచించే హెచ్ అక్షరాన్ని చదరపు బ్రాకెట్లలో పెడితే 221:00 కనిపిస్తుంది. దాన్ని గంట రేటుతో గుణించే ముందు 24తో కూడా గుణించాలి. ఇది మర్చిపోతే వేలల్లో రావాల్సిన జీతం వందల్లో వస్తుంది. రాత్రి 10కి వచ్చి పొద్దున 6కి వెళ్లే షిఫ్టయితే తీసివేత మైనస్‌లోకి పోయి గడి నిండా హ్యాష్ గుర్తులు పడతాయి. వెళ్లిన టైము వచ్చిన టైము కంటే తక్కువగా ఉంటే ఒకటి కలపమని ఫార్ములాలో రాసుకుంటే సరిపోతుంది. ఈ నాలుగూ సర్దుకున్న షీటు ఒకటి తయారు చేసి పెట్టుకుంటే ఏళ్ల తరబడి నడుస్తుంది.

బాడీ షెడ్డులో ముప్పై మంది దాటాక ఓనరు వేలిముద్ర మిషన్ పెట్టించాడు. ఒకడి బదులు ఇంకొకడు సంతకం పెట్టడం ఆ రోజుతో ఆగిపోయింది, అది ఒప్పుకోవాలి. కానీ వెల్డింగు, గ్రైండింగు చేసేవాళ్ల వేళ్ల మీద గీతలు అరిగిపోయి ఉంటాయి. నాలుగుసార్లు నొక్కినా పడదు, వెనక క్యూ పెరుగుతుంది, విసుగొచ్చి లోపలికి వెళ్లిపోతారు. నెలాఖరుకు రిపోర్టులో సగం పంచ్‌లు (మిషన్‌లో పడే హాజరు గుర్తులు) కనిపిస్తాయి, రావడం ఉంటుంది, వెళ్లడం ఉండదు. మిషన్ దాన్ని గైర్హాజరుగానో హాఫ్ డేగానో రాస్తుంది. ఇలాంటి పనికి ముఖం చూసే మిషన్ నయం.

అంతకంటే ముఖ్యమైనది సాఫ్ట్‌వేర్ సెట్టింగు. మొదటి పంచ్ నుంచి చివరి పంచ్ దాకా మొత్తం పని గంటలే అనుకోవాలా, మధ్యలో భోజనానికి వెళ్లిన గంట తీసేయాలా? ఈ ఒక్క సెట్టింగు మారితే మనిషికి నెలకు 26 గంటల తేడా. పది నిమిషాలు ఆలస్యమైతే పావుగంట కోసే సెట్టింగూ ఉంటుంది. అమర్చడానికి వచ్చిన కుర్రాడు తనకు తోచింది పెట్టి వెళ్లిపోతాడు. జీతాలు దాని ప్రకారమే పడుతుంటాయి, ఓనరుకూ తెలియదు, పనివాళ్లకూ తెలియదు. మిషన్ చెప్పింది కదా అని ఎవరూ అడగరు. చేతిరాత మస్టర్‌ని అనుమానించినంతగా మిషన్‌ని అనుమానించకపోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

ఫోన్ యాప్ సంగతి రెండు మాటల్లో. గోడౌను నుంచి ఊళ్లు తిరిగే సేల్స్ కుర్రాళ్లకు, డెలివరీ వాళ్లకు ఇది తప్ప దారి లేదు, ఫోటోతో పాటు ఎక్కడున్నారో కూడా వస్తుంది. దొంగ లొకేషన్ చూపించే యాప్‌లూ ఉన్నాయి. ఉపాధి హామీ పనుల్లో ఫోటోలతో హాజరు వేస్తున్నారు కదా, సిగ్నల్ లేని చోట ఆ తిప్పలు ఎలా ఉంటాయో ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. ఒకే షెడ్డులో పనిచేసేవాళ్ల చేత యాప్ వాడించడం దండగ.

ఏ పద్ధతి పెట్టుకున్నా వారం మొత్తం విడిగా కనిపించాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నుంచీ వారానికి 48 గంటలే గీత. అది దాటితే మామూలు రేటుకు రెట్టింపు ఓటీ, అంటే ఓవర్‌టైమ్ డబ్బు. 2025లో ఆంధ్రప్రదేశ్ ఫ్యాక్టరీల్లో, తెలంగాణ వాణిజ్య సంస్థల్లో రోజు పరిమితిని 10 గంటలకు పెంచినా వారం గీత కదల్లేదు. ఒక వారం 54 గంటలు, మరుసటి వారం 42 చేసినవాడికి నెల మొత్తంలో ఓటీ కనిపించదు. నిజానికి ఆరు గంటల ఓటీ రావాలి. నెల మొత్తాన్నే చూసే షీటయినా మిషనయినా ఇక్కడ పనివాడి నోట్లో మన్ను కొట్టినట్టే. ఆ ఓటీ డబ్బు మీద ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా), పీఎఫ్ (భవిష్య నిధి) లెక్క మామూలు జీతం మీద వేసినట్టు ఉండదు. కాబట్టి జీతంలో కలిపేయకుండా వేరే గడిలో ఉంచాలి.

ఇక రేటు. 18,000 జీతాన్ని 30తో భాగించి, 8 గంటలతో భాగిస్తే గంటకు 75 రూపాయలు. 26తో భాగిస్తే 86 రూపాయల 54 పైసలు. ఇరవై గంటల ఓటీకి రెట్టింపు రేటున ఒక లెక్కలో 3,000 వస్తే, ఇంకో లెక్కలో 3,461. వారం సెలవు పోగా మిగిలేవి 26 రోజులు కాబట్టి నేను 26తోనే వేస్తాను. సెలవు కోసేటప్పుడు 26తో కోసి, ఓటీ ఇచ్చేటప్పుడు 30తో ఇచ్చే షెడ్డు ఒకటి చూశాను. అక్కడ మూడు నెలలకు మించి పనిచేయలేకపోయాను.

నన్నడిగితే పది పదిహేను మంది లోపు ఉన్నచోట టైములు రాసే మస్టర్, వారానికోసారి ఎక్సెల్. మిషన్‌కు పెట్టే డబ్బు అక్కడ వృథా. పాతిక దాటినా, రాత్రి షిఫ్టు ఉన్నా మిషనే మేలు. కానీ దాని పక్కన ఒక చిన్న నోటుబుక్కు ఉండాలి. పంచ్ పడనివాడు అప్పుడే టైము రాసి సంతకం పెడతాడు, దాని కింద మేస్త్రి పొట్టి సంతకం చేస్తాడు. బాడీ షెడ్డులో ఈ పుస్తకం పెట్టించాక, ప్రతి నెలా ఒకటో తేదీన గంటల షీటు ప్రింటు తీసి మిషన్ పక్కనే అతికిస్తున్నాను. రెండు రోజుల్లో తప్పులుంటే చెప్పమంటాను. మొదటి నెల పదకొండు మంది వచ్చారు. పోయిన నెల ఇద్దరు, అందులో ఒకడు అడ్వాన్సు గురించి.